అగరుబత్తి వాసన అంత ఆలస్యంగా ఎందుకు వస్తుంది?



ఈమధ్య తొమ్మిదో తరగతిలో పాఠం చెబుతూ, "గాలిలో అణువులు ఎప్పుడూ కదులుతూనే ఉంటాయి. వాటి సగటు వేగం సెకనుకు దాదాపు 500 మీటర్లు" అన్నాను. ఒక అమ్మాయి లేచి, "మేడమ్, మరి పూజగదిలో అగరుబత్తి వెలిగిస్తే హాల్లోకి వాసన రావడానికి అంతసేపు ఎందుకు పడుతుంది?" అని అడిగింది. సిలబస్ పూర్తి చేయాలన్న తొందరలో "అది ఇంటర్‌లో వస్తుంది, కూర్చో" అనేశాను.

ఇంటికెళ్లాక నాకే తప్పనిపించింది. ఎందుకంటే సరిగ్గా ఇలాంటి ప్రశ్నే ఒకప్పుడు సైన్స్‌ను ముందుకు నడిపింది.

వాయువుల అణుచలన సిద్ధాంతం, అంటే కైనెటిక్ థియరీ చెప్పేది తేలికే. అణువులు అన్ని దిక్కులకూ పరుగెడుతూ పాత్ర గోడలను ఢీకొంటాయి. ఆ దెబ్బలే పీడనం. వేడి పెరిగితే వేగం పెరుగుతుంది. 1857లో జర్మన్ శాస్త్రవేత్త క్లాసియస్ ఈ వేగాలను లెక్కగట్టారు. మంచు కరిగే ఉష్ణోగ్రత దగ్గర ఆక్సిజన్‌కు సెకనుకు 461 మీటర్లు వచ్చింది. అప్పుడు డచ్ శాస్త్రవేత్త బైస్ బాలట్ అడిగారు: అంత వేగమైతే గదిలో పొగ, వాసన వెంటనే ఎందుకు వ్యాపించవు?

క్లాసియస్ ఆ ప్రశ్నను కొట్టిపారేయలేదు. 1858లో జవాబిచ్చారు. అణువు తిన్నగా పోలేదు, అడుగడుగునా ఇంకో అణువును ఢీకొని దారి మారుతుంది. మనం పీల్చే గాలిలో ఒక అణువు సెకనుకు కొన్ని వందల కోట్ల సార్లు ఢీకొంటుంది. రెండు ఢీల మధ్య అది వెళ్లే దూరం మిల్లీమీటరులో పదివేలవ వంతు కూడా ఉండదు. జాతరలో జనం మధ్య ఎంత పరుగెత్తే పిల్లాడైనా ఆలస్యంగానే బయటపడతాడు కదా!

మర్నాడు క్లాసులో ఆ అమ్మాయి ప్రశ్నతోనే పాఠం మొదలుపెట్టాను. ఆ రోజు చాలా చేతులు లేచాయి.

ఈ ఆదివారం మీరూ ప్రయత్నించండి. ఫ్యాన్ ఆపి అగరుబత్తి వెలిగించి, వాసన గది అవతలికి చేరే సమయం చూడండి. తర్వాత ఫ్యాన్ వేసి మళ్లీ చూడండి. తేడా ఎందుకో మీ బాబునో, పాపనో అడగండి. ఫ్యాన్ గాలినే మోసుకుపోతుందని వాళ్లే చెప్పాలి, మీరు చెప్పేయకండి.

"ఇది పరీక్షలో వస్తుందా?" అని మాత్రం దయచేసి అడగొద్దు. ఆ మాట అన్నదాన్ని నేనూ ఒకదాన్నే, అందుకే చెబుతున్నాను.

మీ సైన్స్ టీచర్