పాత డీజిలు కారు కొనబోవు రైతులకు

సేద్యగానికి డీజిలు ఇంజను కొత్త కాదు. బావి గట్టుమీది ఆయిల్ ఇంజను చప్పుడు విని దాని మంచిచెడ్డలు చెప్పగల పెద్దలు ప్రతి ఊరిలోను కలరు. ట్రాక్టరు పొగ రంగు చూచి ఫిల్టరు మూసుకొన్నదని గ్రహించువారును కలరు. కాని అట్టివారే కుటుంబమునకు ఒక పాత కారు కొనవలసివచ్చినపుడు పైరంగు, సీటు కవర్లు, మీటరులోని అంకె చూచి బయానా ఇచ్చి వచ్చుచున్నారు. ఆరు నెలలు గడువకముందే పంట మీద వచ్చిన డబ్బు మరమ్మతుల పాలగుచున్నది.

ఎద్దును కొనునపుడు పండ్లు చూచెదము, నడిపించి చూచెదము, కాడి కట్టించి చూచెదము. కారు విషయములోను అంతే. పాత డీజిలు కారులో మనము కొనునది కంపెనీ పేరు కాదు. ఆ ఇంజనుకు ఇన్నాళ్ళు జరిగిన సంరక్షణను కొనుచున్నాము. ఆ సంరక్షణ జరిగినదో లేదో కనిపెట్టు విధానమును తెలిసికొందము.

మొదట లెక్క వేసికొనుడు

డీజిలు కారు మీకు అవసరమా అన్నది మొదటి ప్రశ్న. ఒకే తరగతికి చెందిన రెండు కార్లలో పెట్రోలు కారు లీటరుకు 16 కిలోమీటర్లు, డీజిలు కారు 20 కిలోమీటర్లు నడచుననుకొందము. లీటరు పెట్రోలు 108 రూపాయలు, డీజిలు 96 రూపాయలు అనుకొందము. నెలకు 1,000 కిలోమీటర్లు తిరుగువారికి పెట్రోలు ఖర్చు 6,750 రూపాయలు, డీజిలు ఖర్చు 4,800 రూపాయలు అగును. నెలకు 1,950 రూపాయలు, ఏడాదికి 23,400 రూపాయలు మిగులును. నెలకు 300 కిలోమీటర్లు మాత్రమే తిరుగువారికి ఏడాదికి మిగులునది 7,020 రూపాయలే. ఇంజక్టర్లు, పంపు ఒక్కసారి చెడినచో ఇట్టి ఆదా కొన్ని యేండ్లది ఒకేనాడు పోవును. కావున తక్కువ తిరుగువారికి పెట్రోలు కారే మేలు. మీ ఊరి ధరలు వేసి ఈ లెక్క మీరే చేసి చూచుకొనవచ్చును.

ఆయిల్ ఇంజనుకు, కారు ఇంజనుకు భేదము

సూత్రము రెండింటికి ఒక్కటే. గాలిని గట్టిగా అదిమినపుడు పుట్టు వేడిలో డీజిలు చిమ్మగానే అంటుకొనును. కాని నేటి కార్లలో వాడు కామన్ రైల్ పద్ధతిలో డీజిలును చిమ్ము ఒత్తిడి మిక్కిలి హెచ్చు. కారు టైరులో గాలి ఒత్తిడి చదరపు అంగుళమునకు 30 పౌండ్ల పైచిలుకు ఉండును. ఈ ఇంజను పైపులో అది 20 వేల పౌండ్లను కూడ మించును. ఇంజక్టరు రంధ్రములు ఇంచుమించు తలవెంట్రుక మందముననే ఉండును. గాలిని లోనికి నెట్టు టర్బో చక్రము నిమిషమునకు లక్ష చుట్లకు మించి తిరుగును.

ఇట్టి యంత్రము దుమ్మును, నీటిని ఓర్వజాలదు. ట్రాక్టరు కొరకు డ్రమ్ములో నిలువచేసిన డీజిలును కారులో పోయు అలవాటు పల్లెలలో కలదు. డ్రమ్ము అడుగున చేరిన నీరు ఆయిల్ ఇంజనును కొద్దిగా బాధించును; కారు ఇంజక్టర్లను పాడుచేయును. కావున అమ్మువానిని డీజిలు ఎక్కడ పోయించెడివాడో, డీజిలు ఫిల్టరు ఎప్పుడు మార్చెనో తప్పక అడుగవలెను.

ఇంజను చల్లగా ఉన్నపుడే చూడుడు

ఉదయముననే వెళ్ళవలెను. ముందుగా బానెట్‌పై చేయి పెట్టి చూడుడు. వెచ్చగా ఉన్నచో మీరు రాకముందే స్టార్టు చేసి ఉంచిరన్నమాట. అట్లయిన మరునాడు తిరిగి రండు.

తాళము తిప్పగానే ఇంజను బొమ్మ గల దీపము వెలిగి, స్టార్టు అయిన తరువాత ఆరిపోవలెను. ఆరనిచో దోషము కలదు. అసలు వెలుగనే వెలుగనిచో దోషమును దాచుటకు దీపమునే తీసివేసి ఉండవచ్చును.

స్టార్టు అయిన వెంటనే వెనుకకు వెళ్ళి పొగను గమనింపుడు. చలిలో కొద్దిసేపు తెల్లని ఆవిరి వచ్చుట సహజము. తెల్లపొగతోపాటు ఇంజను కొట్టుకొనుచున్నచో గ్లో ప్లగ్గులో ఇంజక్టర్లో బలహీనపడియుండును. ఇంజను వేడెక్కిన తరువాత కూడ తెల్లపొగ ఆగక, రేడియేటరు నీరు తగ్గుచున్నచో హెడ్ గాస్కెట్టును అనుమానింపవలెను. నీలిపొగ ఇంజనాయిలు మండుచున్నదనుటకు గుర్తు. పిస్టను రింగులో, టర్బోయో అరిగినవి. యాక్సిలరేటరు తొక్కినపుడెల్ల దట్టమైన నల్లపొగ వచ్చినచో గాలి చాలకున్నది, లేదా డీజిలు ఎక్కువ పడుచున్నది. ఎయిర్ ఫిల్టరు మార్చిన పోవు దోషమా, ఇంజక్టరు దోషమా అన్నది మెకానిక్కు చూచి చెప్పవలెను.

ఇంజను నడుచుచుండగా ఆయిలు పోయు మూతను మెల్లగా విప్పుడు. కొద్దిపాటి ఆవిరి ఉండును. పొగ గుప్పుగుప్పున పైకి తన్నుచున్నచో సిలిండర్లు అరిగినవని అర్థము. అట్టి కారును వదలివేయుట ఉత్తమము.

నూనె, నీరు చెప్పు సాక్ష్యము

డీజిలు ఇంజనాయిలు మార్చిన కొద్దిరోజులకే నల్లబడును. అది దోషము కాదు. కాని మజ్జిగవలె తెల్లబారినచో నీరు కలిసినది. గుర్తుకు మించి పైకి ఉండి డీజిలు వాసన వేయుచున్నచో ఆయిలులో డీజిలు కలిసినది. ఆయిలు పలుచనై బేరింగులు తినివేయబడును. రేడియేటరు నీటిని ఇంజను చల్లగా ఉన్నపుడు మాత్రమే మూత విప్పి చూడవలెను. నీటిపై నూనె తెట్టె కనబడరాదు.

బెల్టా, చెయినా?

ఇంజనులో వాల్వులను సమయమునకు తెరచి మూయించునది కొన్నిటిలో రబ్బరు బెల్టు, కొన్నిటిలో ఇనుప చెయిను. మన రోడ్లపై ఎక్కువగా కనబడు వానిలో స్విఫ్ట్, డిజైర్, ఎర్టిగా, టాటా విస్టా కార్లకు వాడిన 1248 సి.సి. ఫియట్ ఇంజనుకు చెయిను. హ్యుందాయ్ వెర్నా, క్రెటాలకు వాడిన 1582 సి.సి. ఇంజనుకును చెయినే. రెనో డస్టరులోని 1461 సి.సి. ఇంజనుకు, 2005లో వచ్చిన మొదటి ఇన్నోవాలోని 2494 సి.సి. ఇంజనుకు బెల్టు. సరిగా చూచుకొన్నచో ఇవన్నియు దీర్ఘకాలము పనిచేయునవే.

బెల్టును కంపెనీ పుస్తకములో చెప్పిన గడువుకు మార్చి తీరవలెను. నడకలో తెగినచో వాల్వులు పిస్టనులకు తగిలి ఇంజను విప్పవలసివచ్చును. మార్చిన రసీదు చూపలేనిచో మార్చలేదనియే భావించి, ఆ ఖర్చును ధరలో తగ్గించి అడుగుడు. చెయినుకు అట్టి గడువు లేకపోయినను, ఆయిలు వేళకు మార్చనిచో అది సాగి గలగల శబ్దము చేయును. చల్లని ఇంజను స్టార్టు చేసినపుడు ఈ శబ్దము తెలియును.

2020 తరువాతి కార్లలో మసి జల్లెడ

2020 ఏప్రిల్ 1 నుండి దేశమంతట భారత్ స్టేజ్ 6 నియమము అమలులోనికి వచ్చినది. మారుతి సంస్థ ఆ సమయముననే డీజిలు కార్లు మానివేసెను. ఈ నియమము ప్రకారము తయారైన డీజిలు కార్లలో పొగలోని మసిని పట్టు జల్లెడ ఉండును; దీనిని డి.పి.ఎఫ్. అందురు. అది నిండినపుడు లోపలి మసి కాలిపోవుటకు కారు పెద్దరోడ్డుపై సుమారు 15, 20 నిమిషములు ఆగకుండ నడువవలెను. ఇంటినుండి పొలమునకు, పొలమునుండి బజారుకు మాత్రమే తిరుగు కారులో ఆ అవకాశము లేక జల్లెడ మూసుకొనును. మీ తిరుగుడు అట్టిదే అయినచో ఈ కార్లు మీకు కావు. జల్లెడను పీకివేసిన కారును ఎంత చౌకగా ఇచ్చినను కొనరాదు, అది నియమవిరుద్ధము.

నడిపి చూచుట

కనీసము 20 కిలోమీటర్లు నడుపుడు. ఎత్తు ఎక్కించుడు. ఇంజను వేగము పెరుగుచు కారు వేగము పెరుగనిచో క్లచ్చు అరిగినది. ఈలవంటి పెద్ద శబ్దముతో లాగుడు తగ్గినచో టర్బోను పరీక్షింపవలెను. తిరిగివచ్చిన తరువాత కారు క్రింద కాగితము పరచి, పది నిమిషములకు ఏమైన కారినదేమో చూడుడు. పిదప మెకానిక్కుచేత కారు కంప్యూటరుకు పరికరము తగిలించి దోషముల జాబితా తీయించుడు. అమ్మువారు ముందుగా జాబితా తుడిచివేయుట కలదు. అందుచేత నడిపిన తరువాత తీయించుటే మేలు.

మీటరు అంకెను వెనుకకు త్రిప్పుట కష్టము కాదు. సర్వీసు జరిగిన వర్కుషాపుకు పోయి బండి నంబరు చెప్పి, ఏ తేదీన ఎన్ని కిలోమీటర్లున్నవో అడుగుడు. క్లచ్చు పెడలు రబ్బరు అరిగి నున్నబడి, మీటరు 40 వేలు చూపుచున్నచో రెండింటిలో ఒకటి అబద్ధము.

కాగితములు

ఊరిలో నలుగురును సలహా అడుగునది గ్రామోద్యోగులనే కావున వారు ఈ విషయములు గుర్తుంచుకొనవలెను. ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు ఆర్.సి.తో సరిపోవలెను. అప్పుపై కొన్న కారైనచో బ్యాంకు సంతకము చేసిన 35వ ఫారము కావలెను. యాజమాన్యము మార్పుకు 29, 30 ఫారములు, ఇతర రాష్ట్రపు కారుకు 28వ ఫారముపై నిరభ్యంతర పత్రము అవసరము. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 50వ సెక్షను ప్రకారము కొన్నవాడు 30 రోజులలోగా తెలియజేయవలెను. బీమాను కూడ వెంటనే మీ పేర మార్పించుకొనుడు. ఆలస్యమైనచో ప్రమాదమునాడు బీమా సొమ్ము చిక్కులలో పడును.

ఢిల్లీ కారు చౌక అని ఆశపడువారు ఒక మాట తెలిసికొనవలెను. దేశ రాజధాని ప్రాంతములో పదేండ్లు దాటిన డీజిలు బండ్లు తిరుగరాదని జాతీయ హరిత ధర్మాసనము ఇచ్చిన ఆదేశమును 2018లో సుప్రీంకోర్టు సమర్థించెను. దానితో అక్కడి పాతబండ్ల ధర పడిపోయినది. చౌకకు కారణమిదే. ఇక్కడికి తెచ్చినపుడు జీవితపన్ను కట్టవలెను. సొంత కారు మొదటి రిజిస్ట్రేషను గడువు 15 ఏండ్లే గనుక మిగిలిన యేండ్లెన్నియో కూడ లెక్కించుకొనవలెను.

ముగింపు

పైన పటారము, లోన లొటారము అన్న సామెత పాత కార్లకు బాగుగా వర్తించును. మెరుగు పెట్టిన కారుకన్న రసీదుల కట్ట ఉన్న కారు మేలు. మీ ఊరి మెకానిక్కుకు తెలిసిన ఇంజనునే ఎన్నుకొనుడు. అతనికి ఒకపూట కూలి ఇచ్చి వెంట తీసికొనిపొండు. కొన్న వెంటనే ఇంజనాయిలు, అన్ని ఫిల్టర్లు మార్పించి, ఆ తేదీని ఒక పుస్తకములో వ్రాసికొనుడు. ఆ కారును మీరు అమ్మునాడు అదే పుస్తకము మీకు మంచి ధర తెచ్చును.