తక్కువ లెక్క గెలుస్తుంది



మనకు అక్షరాలు వచ్చాయి. పేరు రాస్తున్నాం. బస్సు మీద ఊరి పేరు చదివి ఎక్కుతున్నాం. అంకెలు కూడా గుర్తు పడుతున్నాం. కానీ కూడిక దగ్గరికి వచ్చేసరికి చాలామంది పెన్సిలు పక్కన పెడతారు. "మా ఆయన చూసుకుంటాడులే", "మా పిల్లగాడు చేస్తాడులే" అంటారు.

వాడకుండా మూల పెడితే కొడవలికి తుప్పు పడుతుంది. నేర్చుకున్న లెక్క కూడా అంతే. రోజూ వాడాలి. రోజూ పలక ముందు కూర్చోమంటే పని ఆడవాళ్లకు కుదరదు. అందుకే ఈ పాఠంలో ఒక ఆట నేర్చుకుందాం. రాత్రి అన్నాలు తిన్నాక ఇంట్లో అందరూ కలిసి ఆడుకునే ఆట ఇది. మన తెలుగు ఇళ్లలో చాలామంది దీన్ని "లీస్ట్ కౌంట్" అంటారు. అంటే తక్కువ లెక్క అని అర్థం. ఎవరి చేతిలో లెక్క తక్కువ ఉంటే వారిదే గెలుపు.

ఇది పేక ముక్కల ఆట. పేకాట అనగానే భయపడకండి. ఇందులో పందెం లేదు, పైసా లేదు. ఉన్నది కూడిక ఒక్కటే.

పేక కట్ట

పేక కట్టలో 52 ముక్కలు ఉంటాయి. వాటిలో నాలుగు గుర్తులు. ఇస్పేటు, కళావరు నల్లగా ఉంటాయి. ఆఠీను, డైమను ఎర్రగా ఉంటాయి. ఒక్కో గుర్తుకు 13 ముక్కలు. నాలుగు పదమూళ్లు 52.

పేక ముక్కలు మన దేశానికి కొత్త కాదు. పాతకాలంలో గుండ్రంగా ఉండే ముక్కలతో ఆడేవారు. వాటిని గంజీఫా అనేవారు. బాబరు చక్రవర్తి 1527లో ఒక స్నేహితుడికి గంజీఫా ముక్కలు పంపినట్లు తన పుస్తకంలో రాసుకున్నాడు. మన నిర్మల్ బొమ్మల పనివాళ్లు కూడా ఈ ముక్కల మీద రంగుల బొమ్మలు వేసేవారు.

ఇంట్లో పేక కట్ట లేకపోతే కొనక్కర్లేదు. పాత పెళ్లి కార్డులు, క్యాలెండరు అట్టలు సమానంగా కత్తిరించండి. 1 నుంచి 13 వరకు అంకెలు రాయండి. ఒక్కో అంకె నాలుగు ముక్కల మీద రాయాలి. అంకెలు రాయడం కూడా అభ్యాసమే.

ముక్కల విలువ

ఆసు: 1
2 నుంచి 10 వరకు: ముక్క మీద ఎంత ఉంటే అంత
జాకీ: 11
రాణి: 12
రాజు: 13
జోకరు: 0

కొన్ని ఇళ్లలో జాకీ, రాణి, రాజు మూడింటికీ పదేసి లెక్క వేస్తారు. ఎలా ఆడినా సరే. ఆట మొదలు పెట్టకముందే అందరూ ఒక మాట అనుకోవాలి. మధ్యలో మార్చకూడదు.

ఆట ఎలా ఆడాలి

1. ఇద్దరి నుంచి ఐదుగురి దాకా ఆడవచ్చు. గుండ్రంగా కూర్చోండి.

2. ఒకరు ముక్కలు బాగా కలపాలి. ఒక్కొక్కరికి ఏడు ముక్కలు పంచాలి. ఎవరి ముక్కలు వారే చూసుకోవాలి.

3. మిగిలిన కట్టను మధ్యలో బోర్లించాలి. అందులో ఒక ముక్క తీసి అందరికీ చూపాలి. ఆ ముక్క మీద ఏ అంకె ఉంటే ఆ అంకె ఉన్న నాలుగు ముక్కలూ జోకర్లే. జోకరు చేతిలో ఉంటే లెక్క సున్నా. చూపిన ముక్కను కట్ట కింద సగం కనబడేట్టు పెట్టాలి.

4. ఇంకో ముక్క తీసి కట్ట పక్కన వెల్లకిలా వేయాలి. ఇక్కడి నుంచి ఆట మొదలు.

5. మీ వంతు వచ్చినప్పుడు ముందు ఒక ముక్క కింద వేయాలి. ఒకే అంకె ముక్కలు రెండు గానీ మూడు గానీ ఉంటే అన్నీ ఒకేసారి వేయవచ్చు. తర్వాత ఒక్క ముక్క తీసుకోవాలి. కట్ట మీది నుంచి తీసుకోవచ్చు. లేదా మీకు ముందు ఆడినవారు వేసిన ముక్క తీసుకోవచ్చు.

6. మీ చేతిలో లెక్క అందరికంటే తక్కువ ఉందని అనిపిస్తే "షో" అనాలి. మీ వంతు వచ్చినప్పుడు, ముక్క వేయకముందే అనాలి.

7. షో అనగానే అందరూ ముక్కలు పరిచి లెక్క చెప్పాలి. షో అన్నవారి లెక్కే తక్కువైతే వారికి సున్నా. మిగతావారు ఎవరి లెక్క వారు పుస్తకంలో రాసుకోవాలి.

8. ఇంకొకరి దగ్గర అంతకన్నా తక్కువ గానీ, సరిగ్గా అంతే గానీ ఉంటే షో తప్పు. అప్పుడు షో అన్నవారికి 40 రాయాలి. మిగతావారిలో తక్కువ ఉన్నవారికి సున్నా. ఈ 40 కూడా ఇంటిని బట్టి మారుతుంది.

9. ప్రతి ఆట లెక్కా ముందు లెక్కకు కలపాలి. 100 కు చేరినవారు ఆట నుంచి బయటికి పోతారు. చివరిదాకా మిగిలినవారు గెలిచినట్లు.

10. మధ్యలో కట్ట అయిపోతే, కింద వేసిన ముక్కలు కలిపి మళ్లీ బోర్లించాలి. పైన ఉన్న ఒక్క ముక్కను మాత్రం అట్లాగే ఉంచాలి.

ఒక ఇంటి ఆట చూద్దాం

తల్లాడ నుంచి కొత్తగూడెం పోయే దారిలో ఏన్కూరు వస్తుంది. ఆ పక్క అడవి అంచు పల్లెలో ఒక ఇల్లు అనుకోండి. అత్త, మామ, కోడలు, ఐదో తరగతి చదివే పిల్ల ఆటకు కూర్చున్నారు. పుస్తకం, పెన్సిలు మామ దగ్గర ఉన్నాయి. జోకరు ముక్క 4 వచ్చింది.

కోడలికి వచ్చిన ముక్కలు ఇవి: 9, 9, రాజు, 6, 4, 2, ఆసు.

ఆమె లెక్క వేసుకుంది. 9, 9 కలిపితే 18. రాజు 13 కలిపితే 31. ఆరు కలిపితే 37. నాలుగు జోకరు కాబట్టి సున్నా. రెండు కలిపితే 39. ఆసుతో 40.

ఏ ముక్క వేయాలి? రాజు పెద్ద ముక్కే. కానీ రెండు 9 లు కలిపి వేస్తే 18 తగ్గుతుంది. రాజు వేస్తే 13 తగ్గుతుంది. అందుకని రెండు 9 లు వేసింది. కట్ట నుంచి 3 వచ్చింది. ఇప్పుడు లెక్క 25.

రెండో చుట్టులో రాజును వేసి, ముందువారు వేసిన 2 తీసుకుంది. లెక్క 14 అయింది. మూడో చుట్టులో 6 వేసి ఆసు తీసుకుంది. లెక్క 9 అయింది. షో అందామా అనుకుంది. పిల్ల చేతిలో నాలుగే ముక్కలు కనబడ్డాయి. ఇంకో చుట్టు ఆగుదామనుకుంది. నాలుగో చుట్టులో రెండు 2 లు కలిపి వేసింది. కట్ట నుంచి ఇంకో 3 వచ్చింది. ఇప్పుడు ఆమె చేతిలో 4, ఆసు, ఆసు, 3, 3 ఉన్నాయి.

అంతలో పిల్ల వంతు వచ్చింది.

"షో!" అని అరిచింది పిల్ల. "నాకు రెండు జోకర్లు, ఒక 5, ఒక 3. మొత్తం ఎనిమిదే!"

అత్త తన ముక్కలు పరిచింది. "8, 5, 3, ఆసు. నాది 17."

మామవి 10, 7, 6, 2, ఆసు. "నాది 26" అన్నాడు. తర్వాత కోడలి ముక్కలు చూసి, "నీకు 12 అమ్మా. పిల్లే గెలిచింది" అని రాయబోయాడు.

"కాదు మామా, ఆగు. నాలుగు జోకరు కదా. దానికి సున్నా. ఆసులు రెండు, రెండు. మూడు, మూడు ఆరు. రెండూ ఆరూ ఎనిమిది. నాదీ ఎనిమిదే."

మామ మళ్లీ చూశాడు. "అవునమ్మా! జోకరు సంగతి మరిచిన."

"అయితే నాకు 40 పడతదా అమ్మా?" అంది పిల్ల మూతి ముడుచుకుని.

"పడతది బిడ్డా. లెక్క లెక్కే" అంది నాయనమ్మ నవ్వి. "పెన్సిలు ఇటు ఇయ్యి. కోడలు రాస్తది."

చూశారా? ఆమె నోరు తెరవకపోతే పుస్తకంలో 12 పడేది. మామ మోసం చేయలేదు. తొందరలో పొరబడ్డాడు. పొరపాటు ఎవరిదైనా నష్టం మాత్రం నోరు తెరవని వారిది. మన లెక్క మనమే వేసుకుంటే పొరపాటు అక్కడే దొరుకుతుంది.

లెక్క పుస్తకం

కోడలు పుస్తకంలో ఇలా రాసింది.

మొదటి ఆట: అత్త 17, మామ 26, కోడలు 0, పిల్ల 40
రెండో ఆట: అత్త 0, మామ 19, కోడలు 23, పిల్ల 12
మొత్తం: అత్త 17, మామ 45, కోడలు 23, పిల్ల 52
మూడో ఆట: అత్త 28, మామ 31, కోడలు 0, పిల్ల 9
మొత్తం: అత్త 45, మామ 76, కోడలు 23, పిల్ల 61

ప్రతి ఆటకూ పెన్సిలు చేతులు మారాలి. కొత్తగా కూడిక నేర్చుకున్నవారు ముందు రాయాలి. మిగతావారు నోటితో లెక్క చూడాలి. తప్పు వస్తే నవ్వకూడదు. మళ్లీ వేయమనాలి.

తొందరగా కూడే ఉపాయం

వేళ్లు మడిచి లెక్కపెట్టడం తప్పు కాదు. కానీ ముక్కలు ఎక్కువైతే వేళ్లు చాలవు. అందుకని ముందు పదులు కట్టండి.

9 కి 1 తోడు. 8 కి 2 తోడు. 7 కి 3 తోడు. 6 కి 4 తోడు. 5 కి 5 తోడు.

చేతిలో 7, 6, 3, 8, 4 ఉన్నాయనుకోండి. 7, 3 పక్కపక్కన పెట్టండి. పది. 6, 4 పక్కపక్కన పెట్టండి. ఇంకో పది. మిగిలింది 8. మొత్తం 28. రాజు వస్తే దాన్ని 10, 3 అనుకోండి. రాణిని 10, 2 అనుకోండి. జాకీని 10, 1 అనుకోండి.

ఆకు కల్లం దగ్గర

ఈ ఆట ఆటతోనే ఆగిపోదు. ఎండాకాలం వస్తే మన ఖమ్మం, కొత్తగూడెం అడవుల్లో తునికాకు కోస్తాం. తెల్లవారకముందే అడవికి పోతాం. ఇంటికి వచ్చి ఆకు పేర్చి కట్టలు కడతాం. కట్టకు 50 ఆకులు. వెయ్యి కట్టలైతే ఒక బస్తా లెక్క. కల్లంలో కట్టలు అప్పజెబుతాం. కల్లేదారు కార్డు మీద రాస్తాడు. ఆ అంకెను బట్టే డబ్బు వస్తుంది.

ఒక అక్క మొదటి రోజు 85 కట్టలు, రెండో రోజు 110, మూడో రోజు 95 ఇచ్చిందనుకుందాం. పేక ముక్కల్లాగే తోడు చూసుకోవాలి. 85 కి 95 కలిపితే 180. దానికి 110 కలిపితే 290 కట్టలు. కార్డు మీద 280 అని ఉంటే పది కట్టలు పోయినట్లు. అంటే 500 ఆకులు. ఎండలో వంగి కోసిన ఆకులు అవి. అక్కడే నిలబడి, "అన్నా, ఇంకోసారి కూడి చూడు" అని అడగాలి. అడగడానికి సిగ్గు పడొద్దు. లెక్క వచ్చినవారికి అడిగే ధైర్యం దానంతట అదే వస్తుంది.

పొదుపు సంఘం పుస్తకం, పత్తి ఏరిన కూలి, మిరపకాయలు తూచిన కాటా చీటీ, అన్నింటికీ ఇదే కూడిక.

పందెం వద్దు

ఈ ఆటలో ఒక్క రూపాయి పెట్టినా ఆట చెడుతుంది. ఇంట్లో కలిసి నవ్వుకుంటూ ఆడేది ఆట. డబ్బు పెట్టి ఆడేది జూదం. జూదంలో పుస్తెలు పోయిన ఇళ్లు మనకు తెలుసు. డబ్బుతో ఆడే పేకాట స్థావరాల మీద 1974 నుంచే చట్టం ఉంది. తెలంగాణ ప్రభుత్వం 2017లో దాన్ని మార్చింది. ఫోనులో డబ్బు పెట్టి ఆడే రమ్మీని కూడా నిషేధించింది. పిల్లలు ఫోనులో ఏం ఆడుతున్నారో ఒక కన్ను వేసి ఉంచండి. మన ఆటకు పుస్తకం, పెన్సిలు చాలు.

అభ్యాసం

1. పై ఇంట్లో నాలుగో ఆట లెక్క ఇది: అత్త 14, మామ 27, కోడలు 11, పిల్ల 0. అందరి మొత్తాలు రాయండి. ఆట నుంచి ఎవరు బయటికి పోతారు?

2. జోకరు 7 అనుకోండి. మీ చేతిలో 7, రాణి, 8, 2, ఆసు ఉన్నాయి. లెక్క ఎంత?

3. మీ చేతిలో 5, 5, 5, రాజు ఉన్నాయి. ఏవి వేస్తే ఎక్కువ తగ్గుతుంది?

4. ఆసు నుంచి రాజు దాకా ఒక గుర్తు ముక్కలన్నీ కూడండి. దాన్ని నాలుగుసార్లు కూడండి. కట్ట మొత్తం లెక్క వస్తుంది.

జవాబులు

1. అత్త 59, మామ 103, కోడలు 34, పిల్ల 61. మామ బయటికి పోతాడు.
2. 23.
3. మూడు 5 లు. 15 తగ్గుతుంది.
4. ఒక గుర్తుకు 91. కట్ట మొత్తం 364. ఏడాది రోజులకు ఒక్కటి తక్కువ!

ఇంటి పని

ఈ వారం మూడు రాత్రులు ఇంట్లో ఈ ఆట ఆడండి. లెక్క పుస్తకం మీరే రాయండి. వచ్చే వారం ఆ పుస్తకం కేంద్రానికి తెచ్చి అందరికీ చదివి వినిపించండి.