వ్యాపార రహస్యము: ఒడంబడికలో దాని హద్దు

ముద్ఖేడ్ జంక్షను బజారులో గుమాస్తా కొట్టు మాని ఎదుటనే మరొక కొట్టు తెరచినచో, "మన రహస్యాలన్నీ పట్టుకొనిపోయినాడు" అని షావుకారు వాపోవును. ఏ రహస్యాలు? ఒడంబడికలో "రహస్యములు వెల్లడించరాదు" అని మాత్రమే వ్రాసుకొన్నచో కోర్టులో జవాబు దొరకదు. ఖాతాదారుల జాబితాయా, కొనుగోలు ధరలా, సరుకు తయారుచేయు పాళ్లా, పేరుపేరునా వ్రాయవలెను. వ్రాసినవాటిని తాళములో ఉంచవలెను కూడ. బజారంతా ఎరిగిన ధర రహస్యము కాదు. గుమాస్తా నేర్చిన పనితనము షావుకారు సొత్తు కాదు. ఇది మనవారికి మింగుడుపడని మాట.

1872 కాంట్రాక్టు చట్టము 27వ సెక్షను ప్రకారము, ఒకని వృత్తిని అడ్డగించు ఒడంబడిక ఆ మేరకు చెల్లదు. గుడ్‌విల్ అమ్మినవానికి మాత్రము మినహాయింపు గలదు.

కల్యాణ్‌లోని సెంచురీ రేయాన్ కర్మాగారము టైరు నూలు తయారీ పద్ధతిని రహస్యముగా ఉంచెదమని విదేశీ కంపెనీలకు మాటయిచ్చి తెచ్చుకొన్నది. అందుచేత ఉద్యోగులతోను అదే షరతు వ్రాయించుకొన్నది. 5 ఏండ్లకు ఒప్పుకొన్న షిఫ్టు సూపర్వైజరు గోలికరీ 1964లో నడుమనే మాని కోటాలోని పోటీ కంపెనీలో చేరినాడు. మిగిలిన గడువు వరకు, టైరు నూలు పనికి మాత్రమే అతనిని ఆపుట సమంజసమేనని 1967లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. గడువు తీరిన పిమ్మట మనిషిని ఆపుట కష్టము. కావున రహస్యము కాపాడవలెనను షరతును ఉద్యోగపు గడువుతో ముడిపెట్టక, వేరు పేరాగా వ్రాయించుకొనవలెను.