క్యాన్సర్ చికిత్సకు లెక్కల దారి

రేడియేషన్ చికిత్సలో మోతాదు ఎంతో, దాన్ని ఎన్ని విడతలుగా పంచాలో తేల్చడానికి గణితం తోడ్పడుతుంది. మోతాదు పెరిగేకొద్దీ ఎన్ని కణాలు బతికుంటాయో అంచనా వేసే లీనియర్ క్వాడ్రాటిక్ నమూనా దీనికి ఆధారం. 60 గ్రేల (గ్రే అంటే రేడియేషన్ మోతాదు కొలమానం) మోతాదును 2 గ్రేల చొప్పున 30 విడతల్లో కాకుండా, 3 గ్రేల చొప్పున 20 విడతల్లో ఇస్తే మొత్తం మారదు, ఫలితం మారుతుంది. సాధారణంగా వాడే విలువలతో లెక్కిస్తే కణితిపై ప్రభావం సుమారు 8 శాతమే పెరుగుతుంది; ఏళ్ల తర్వాత బయటపడే హాని ముప్పున్న ఆరోగ్యకరమైన కణజాలంపై 20 శాతం పెరుగుతుంది.

మోతాదు నిర్ణయించేది డాక్టర్. అది కణితికి చేరి, వెన్నుపాము వంటి భాగాలకు పరిమితి దాటకుండా ప్రణాళిక వేసేది, యంత్రం సరిగ్గా అంతే ఇస్తోందో కొలిచేది మెడికల్ ఫిజిసిస్ట్.

ఇలాంటి వృత్తి ఉన్నా, క్యాన్సర్ రోగులకు సేవ చేయాలంటే ఎంబీబీఎస్ ఒక్కటే మార్గమన్న నమ్మకం తెలుగు ఇళ్లలో బలంగా ఉంది. లెక్కలంటే ఇష్టమున్న పిల్లలను బైపీసీలో చేర్చి, సీటు రాలేదని ఏటా లాంగ్‌టర్మ్ కోచింగ్‌కు పంపడం వాళ్ల వయసును, ధైర్యాన్ని హరించడమే. ఎంపీసీ చదివితే కంప్యూటర్ సైన్సే తీసుకోవాలన్న పట్టుదలా అంతే హానికరం. ఫిజిక్స్‌లో డిగ్రీ చేస్తానన్న పిల్లలను ఓడిపోయినవాళ్లలా చూడటం తగదు.

మెడికల్ ఫిజిసిస్ట్ కావడానికి అర్హత: ఎమ్మెస్సీ ఫిజిక్స్, ఆపై రేడియోలాజికల్ ఫిజిక్స్ డిప్లొమా, లేదా మెడికల్ ఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ, తర్వాత ఏడాది ఇంటర్న్‌షిప్. ముంబైలోని భాభా అణు పరిశోధన కేంద్రం (బార్క్) 1962 నుంచి ఈ డిప్లొమా నడుపుతోంది. చెన్నైలోని అన్నా విశ్వవిద్యాలయంలో మెడికల్ ఫిజిక్స్ ఎమ్మెస్సీ ఉంది.

ఫీజు కట్టేముందే ఆ కోర్సు అణుశక్తి నియంత్రణ మండలి నిబంధనలకు సరిపోతుందో, ఇంటర్న్‌షిప్ ఏ ఆసుపత్రిలోనో రాతపూర్వకంగా తెలుసుకోవాలి. కోర్సు పేరులో మెడికల్ ఫిజిక్స్ అని ఉన్నంత మాత్రాన ఉద్యోగార్హత రాదు. రేడియోథెరపీ టెక్నాలజీ బీఎస్సీ వేరే వృత్తికి దారి. అది చదివితే యంత్రం నడపవచ్చు, ఫిజిసిస్ట్ కాలేరు. వైద్యంలో ఏఐ పేరిట అమ్మే స్వల్పకాలిక సర్టిఫికెట్లు కూడా ఈ అర్హతకు బదులు కావు.

ఖరీదైన కోచింగ్ కన్నా డిగ్రీలో కలన గణితం, అవకలన సమీకరణాలు, సంభావ్యత, పైథాన్ గట్టిగా నేర్చుకోవడం మేలు. ఉద్యోగాలు ఎక్కువగా రేడియేషన్ యంత్రాలున్న ఆసుపత్రుల్లోనే ఉంటాయి. సాఫ్ట్‌వేర్ కొలువుల్లా పెద్ద సంఖ్యలో దొరకవు. త్వరగా పెద్ద జీతం కావాలనుకునేవారికి ఇది నప్పదు. కచ్చితత్వం, ఓర్పు ఉన్నవారికి ఆసుపత్రి ఉద్యోగంతోపాటు పీహెచ్‌డీ చేసి కొత్త నమూనాలు రూపొందించే పరిశోధనా మార్గమూ ఉంది.