'సాల్మొనెల్లా లేదు' అని రాయాలంటే

భీమవరం చుట్టుపక్కల చెరువుల్లో పట్టిన రొయ్య ఓడ ఎక్కేముందు దాని శాంపిల్ ఏదో ఒక ల్యాబుకు చేరుతుంది. అక్కడి రిపోర్టులో ఒక వరుస ఉంటుంది: 25 గ్రాముల్లో సాల్మొనెల్లా లేదు. ఉందని చెప్పడం తేలిక, నిర్ధారణ అయిన కాలనీ ఒక్కటి చాలు. లేదని చెప్పాలంటే మాత్రం వెతికిన తీరంతా సరిగ్గా ఉందని చూపించాలి. ఫుడ్ మైక్రోబయాలజిస్టుకు జీతమిచ్చేది ముఖ్యంగా ఈ రెండో పనికే. ఆ పనిలోకి రావాలనుకునే డిగ్రీ విద్యార్థులు ఎక్కడ మొదలుపెట్టాలో చూద్దాం.

1. చదువు

ఇంటర్లో బైపీసీ, ఆపైన మైక్రోబయాలజీ ఉన్న బీఎస్సీ. ఎక్కువమంది వచ్చే దారి ఇదే. బాపట్లలో ఫుడ్ టెక్నాలజీ, ముత్తుకూరులో ఫిషరీస్ చదివినవాళ్లూ, పశువైద్యులూ వస్తారు. బెంచి పనికి బీఎస్సీతోనే తీసుకునే ల్యాబులున్నాయి. కానీ చట్టప్రకారం ఫుడ్ అనలిస్టు కావాలంటే సంబంధిత సబ్జెక్టులో పీజీ (పశువైద్యుల వంటి కొందరికి డిగ్రీ చాలు), ఆహార పరీక్షల్లో కనీసం 3 ఏళ్ల అనుభవం ఉండాలి, ఎఫ్ఎస్ఎస్ఏఐ పెట్టే పరీక్ష కూడా నెగ్గాలి. పీజీని వాయిదా వేసుకోండి, పరవాలేదు. మానేయకండి.

2. చేతికి అలవాటు

ఇంట్లో బ్యాక్టీరియా పెంచే సాహసం వద్దు. రంగునీళ్లు చాలు. ఐదు ట్యూబుల్లో 9 మి.లీ. చొప్పున నీళ్లు పోయండి. మొదటి దాంట్లో 1 మి.లీ. సిరా వేసి కలిపి, అందులోంచి 1 మి.లీ. రెండోదాంట్లోకి, దాన్నుంచి మూడోదాంట్లోకి తీసుకెళ్లండి. ప్రతిసారీ పిపెట్ మార్చాలి. ట్యూబులు వరసగా పెట్టి చూస్తే రంగు మెట్లుమెట్లుగా తగ్గాలి. ఎక్కడైనా తేడా కనిపిస్తే అక్కడ చేయి తప్పినట్టు. డైల్యూషన్ అంటే ఇంతే, కాకపోతే ల్యాబులో తప్పు ఇలా రంగుతో బయటపడదు.

3. లెక్కపెట్టడం

కొత్తవాళ్లకు ముందుగా అప్పజెప్పే పని ప్లేట్ కౌంట్. 25 గ్రాముల శాంపిల్‌ని 225 మి.లీ. స్టెరైల్ ద్రావణంలో కలిపితే పదో వంతుకు పలచనవుతుంది. అక్కణ్ణుంచి రంగునీళ్ల పద్ధతే. పలచన చేసినదాన్ని 1 మి.లీ. పెట్రీ ప్లేట్లో వేసి, కరిగించి 45 డిగ్రీల దగ్గర ఉంచిన అగార్‌ని 12 నుంచి 15 మి.లీ. పోసి, మెల్లగా తిప్పి గడ్డకట్టనివ్వాలి. అంతకన్నా బాగా వేడిగా పోస్తే సూక్ష్మజీవులు చస్తాయి, చల్లారాక పోస్తే ఉండలు కడుతుంది.

ఈ అగార్ మన కిరాణా కొట్లో చైనా గ్రాస్ పేరుతో దొరికేదే. 1881 ప్రాంతంలో జర్మనీలో రాబర్ట్ కాక్ ల్యాబులో జెలటిన్ వెచ్చదనానికి కరిగిపోయి విసిగిస్తుంటే, అక్కడ పనిచేసే వాల్టర్ హెస్సేకి అగార్ వాడి చూడమని చెప్పింది ఆయన భార్య ఫానీ. ఆమె వంటింట్లో జెల్లీలకు అదే వాడేది. ప్లేటుకు దాన్ని రూపొందించిన పెట్రీ పేరు మిగిలింది, అగార్‌కు మాత్రం ఫానీ పేరు రాలేదు.

ప్లేట్లు తిరగేసి 30 డిగ్రీల్లో 72 గంటలు ఉంచాలి. తిరగేయకపోతే మూతకు పట్టిన చెమ్మ జారి కాలనీలన్నీ కలిసిపోతాయి. వెయ్యో వంతుకు పలచన చేసిన ప్లేటులో 142 కాలనీలు వచ్చాయనుకోండి, అసలు శాంపిల్లో గ్రాముకు 1,42,000 అన్నమాట. 300 దాటిన ప్లేటును లెక్కకు తీసుకోరు.

4. వెతకడం

సాల్మొనెల్లా దగ్గర ఈ లెక్క పనికిరాదు, ఒక్క కణం ఉన్నా దొరకాలి. గడ్డకట్టిన రొయ్యలో అది చచ్చీచావకుండా ఉంటుంది. అందుకే నేరుగా కఠినమైన మీడియాలో వేయరు. ముందు బఫర్డ్ పెప్టోన్ వాటర్లో 37 డిగ్రీల దగ్గర 18 గంటలు కోలుకోనిస్తారు. ఆ తర్వాతే మిగతా బ్యాక్టీరియాను అణిచే రెండు ద్రవ మీడియాల్లోకి మారుస్తారు, వాటిలో ఒకదాన్ని 41.5 డిగ్రీల్లో పెడతారు. మర్నాడు ఎక్స్ఎల్‌డీ అనే అగార్ పోసిన ప్లేట్ల మీద, దానితో పాటు ఇంకో రకం మీడియా మీద గీస్తారు. ఎక్స్ఎల్‌డీ మీద ఎర్రటి కాలనీ మధ్యలో నల్లటి చుక్క కనిపిస్తే అనుమానించాలి. నలుపెక్కని రకాలూ ఉన్నాయి, అందుకే బయోకెమికల్, సీరం పరీక్షలు తప్పవు.

ప్రతి బ్యాచ్‌తోనూ రెండు కంట్రోళ్లు నడుస్తాయి. ఒకదాంట్లో తెలిసిన సాల్మొనెల్లా వేస్తారు, అది పెరిగి తీరాలి. రెండోది ఖాళీ, అందులో ఏమీ పెరగకూడదు. మొదటిది పెరగలేదంటే ఆ రోజు శాంపిళ్ల మీద 'లేదు' అని రాసే హక్కు ల్యాబుకు లేదు. మీడియా పాడైందో, ఇంక్యుబేటర్ దారి తప్పిందో తేల్చుకోవాలి. ఇంకో చిక్కుంది: కంట్రోల్‌లోని సూక్ష్మజీవే శాంపిల్లోకి దూకవచ్చు. అందుకే మెలకువగల ల్యాబులు కంట్రోల్‌కి ఆహారంలో అరుదుగా కనిపించే సీరోటైప్‌ను ఎంచుకుంటాయి, దూకితే ఇట్టే పట్టుబడుతుంది.

కాలేజీలో అలవాటైన లామినార్ ఫ్లో దగ్గర ఈ పని చేయకండి. సాధారణంగా అందులో గాలి మీ ముఖం మీదికే వీస్తుంది. దీనికి బయోసేఫ్టీ క్యాబినెట్ కావాలి.

5. రాయడం

ఇంక్యుబేటర్ ఉష్ణోగ్రత, మీడియా లాట్ నంబరు, ఆటోక్లేవ్ 121 డిగ్రీల్లో ఎన్ని నిమిషాలు నడిచింది, అన్నీ అప్పటికప్పుడు రాయాలి. తప్పు రాస్తే ఒక్క గీత కొట్టి, పక్కన సంతకం, తేదీ వేయాలి. వైట్నర్ పూశారో, ఆడిటర్ కన్ను ఆ పేజీ మీదే పడుతుంది.

ఫలితం పాజిటివ్ వచ్చిన రోజు సరుకు పంపినవాళ్ల నుంచి ఫోన్ వస్తుంది. "మేడమ్, ఇంకోసారి చూడండి, ఎక్కడో పొరపాటు జరిగుంటుంది." మళ్లీ చేస్తే నెగటివ్ రావచ్చు కూడా, ఎందుకంటే సాల్మొనెల్లా లాట్ అంతటా సమానంగా పరుచుకుని ఉండదు. అంతమాత్రాన మొదటి ఫలితం చెరిగిపోదు. ఐదు యూనిట్లు తీసి, ఐదింటిలో ఒక్కదాంట్లోనూ ఉండకూడదని ప్రమాణం పెట్టింది అందుకే.

పరిశోధన వైపు మనసుంటే హైదరాబాద్‌లో జాతీయ పోషకాహార సంస్థ, మైసూరులో సీఎఫ్‌టీఆర్‌ఐ ఉన్నాయి. అక్కడ ప్రశ్నలు వేరు. ఉడికించినా చావని బాసిల్లస్ సీరియస్ స్పోర్లు గది వేడిలో వదిలేసిన అన్నంలో ఎంతసేపటికి లేస్తాయి, పులుపు వాటిని ఎంతవరకు ఆపుతుంది, ఇలాంటివి. పిపెట్ పట్టే చేయి మాత్రం అదే కావాలి.

ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్లినప్పుడు మీరూ ఒక ప్రశ్న అడగండి: పాజిటివ్ కంట్రోల్ పెరగని రోజు ఇక్కడేం చేస్తారండీ? వెంటనే రిజిస్టరు తీసి చూపిస్తే చేరిపోండి. ఎదుటివాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటే ఇంకో ల్యాబు వెతుక్కోండి.