శకారంభములు: మతములు తమ కాలమును ఎక్కడనుండి లెక్కించును?

ఉగాదినాడు పంచాంగము విప్పగానే తొలి పుటలలో ఒక పట్టిక కనబడును. కలియుగమున గడచిన ఏండ్లు ఇన్ని, శాలివాహన శకము ఇంత, విక్రమ శకము ఇంత, క్రీస్తు శకము ఇంత, హిజరీ ఇంత, ఫసలీ ఇంత అని వరుసగా అంకెలు వ్రాసి యుండును. మనము ఆదాయ వ్యయములు, రాజపూజ్యావమానములు చూచుకొను తొందరలో ఆ పుటను త్రిప్పివేయుదుము. కాని ఆ అంకెలలో పెక్కింటి వెనుక ఒక జనసమూహము "మా కాలము ఇచ్చట మొదలైనది" అని నిశ్చయించుకొన్న దినమొకటి కలదు. ఏ మతము తన సంవత్సరములను ఎక్కడనుండి లెక్కించునో తెలిసినచో, అది దేనిని తనకు ప్రాణముగా నెంచుచున్నదో కొంత తెలియును.

ఈ విషయమును నాకు నేర్పినవాడు ఒక విద్యార్థి. కొన్నేండ్ల క్రిందట ఎనిమిదవ తరగతిలో పాఠము చెప్పుచు, హిజరీ శకము మహమ్మదు ప్రవక్త జననమునుండి ఆరంభమైనదని చెప్పితిని. క్రీస్తు శకము క్రీస్తు జననమునుండి గదా, ఇదియు నట్లే యుండునని తలచితిని. పుస్తకము తీసి చూచుకొనలేదు. వెనుక బల్లనుండి ఒక ముస్లిము బాలుడు లేచి, "పుట్టినప్పటి నుంచి కాదు సార్, మక్కా విడిచి వెళ్ళినప్పటి నుంచి" అనెను. నేను పొరబాటు ఒప్పుకొని దిద్దుకొంటిని. గంట కొట్టిన పిదప వాడు నా బల్ల దగ్గరకు వచ్చి, "మరి మీవాళ్ళ సంవత్సరం ఎక్కడి నుంచి సార్?" అని అడిగెను. మొదటి మాటకన్న ఈ రెండవ మాటయే నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టినది. రేపు చెప్పెదనని వానిని పంపివేసితిని.

మొదట ఆ బాలుని శకమునే చూతము. మహమ్మదు ప్రవక్తకు తొలి దైవవాణి వినబడినది క్రీ.శ. 610 ప్రాంతమున, మక్కా సమీపమునగల హిరా గుహలో. పండ్రెండేండ్లు ఆయన మక్కాలో బోధించెను. అనుచరులు కొద్దిమంది, హింసించువారు పెక్కుమంది. 622లో ఆయన తన వారితో యస్రిబ్ పట్టణమునకు తరలిపోయెను. అదియే తరువాత మదీనా అయినది. ఆయన పరమపదించినది 632లో. ఆయన జీవించియున్న కాలమున ఈ శకము లేదు. 638 ప్రాంతమున ఉమర్ ఖలీఫా పరిపాలనలో, ప్రభుత్వ లేఖలలో నెల మాత్రముండి సంవత్సరము లేకపోవుటచే చిక్కులు కలుగగా, ఒక శకమును నిర్ణయింపవలసి వచ్చినది. జననమునుండి లెక్కింతమా, దైవవాణి దిగిన నాటినుండి లెక్కింతమా, మరణమునుండి లెక్కింతమా అని చర్చ జరిగినదనియు, తుదకు వలస పోయిన సంవత్సరమే నిలిచినదనియు వారి సంప్రదాయ గ్రంథములు చెప్పుచున్నవి.

ఈ నిర్ణయము ఊరక జరిగినది కాదు. జననమును ఎన్నుకొన్నచో వ్యక్తికి ప్రాధాన్యము వచ్చును. ప్రవక్త దేవుని దూతయైన మానవుడే గాని పూజార్హుడు కాడన్నది ఇస్లాము మూలవిశ్వాసము. మక్కాలో విశ్వాసులుండిరి, మదీనాలో విశ్వాసుల సమాజమేర్పడినది. కులగోత్రముల కట్టు తెంచుకొని, విశ్వాసమే బంధుత్వముగా బ్రదికిన తొలి సంవత్సరమది. ఇంకొక విశేషమేమనగా వారిది శుద్ధ చాంద్రమానము. మనకున్న అధికమాసము వారికి లేదు. అందువలన రంజాను ఏటేట పదునొకండు దినములు ముందునకు జరిగి, సుమారు ముప్పది మూడేండ్లలో అన్ని ఋతువులను చుట్టివచ్చును. పంటలకు ఈ లెక్క కుదరదు గనుక మొగలాయి పాలకులు హిజరీ అంకెకే సౌరమానమును జోడించి ఫసలీని కల్పించిరి. మన గ్రామ లెక్కలలో కరణములు దశాబ్దములపాటు వ్రాసిన ఫసలీ సంవత్సరము ఇట్లు మక్కానుండి బయలుదేరిన అంకెయే!

క్రీస్తు శకము సంగతి వేరు. క్రీస్తు తరువాత అయిదువందల ఏండ్లవరకు క్రైస్తవులకు అట్టి శకము లేదు. రోములో దియోనీసియస్ అను సన్న్యాసి 525లో ఈస్టరు పండుగ తేదీల పట్టికను తయారుచేయుచుండెను. అంతకుముందు పట్టికలు డయొక్లీషియన్ చక్రవర్తి పట్టాభిషేకమునుండి లెక్కించెడివి. ఆ చక్రవర్తి క్రైస్తవులను ఘోరముగా హింసించినవాడు. అట్టివాని పేరు పండుగ పట్టికలో నిలుపుటకు మనసొప్పక, దియోనీసియస్ ప్రభువు అవతరించిన సంవత్సరమునుండి లెక్కపెట్టెను. ఆయన గణనలో కొన్ని ఏండ్లు తప్పినట్లున్నది. మత్తయి సువార్త ప్రకారము క్రీస్తు హేరోదు రాజు కాలమున జన్మించెను, హేరోదు క్రీ.పూ. 4లో మరణించెనని చరిత్రకారులలో అధికుల అభిప్రాయము. అనగా క్రీస్తు "క్రీస్తు పూర్వము"ననే పుట్టియుండవలెను! అయినను లెక్కలోని తప్పు విశ్వాసమును కదలింపలేదు. దేవుడే నరుడై చరిత్రలోనికి దిగివచ్చెనన్నది వారి నమ్మకమునకు కేంద్రము గనుక ఆ రాకయే కాలమును రెండుగా చీల్చినది.

ఈజిప్టులోని కోప్తు క్రైస్తవులు మాత్రము ఆ పాత లెక్కను విడువలేదు. డయొక్లీషియన్ గద్దెనెక్కిన క్రీ.శ. 284నుండియే నేటికిని లెక్కించుచున్నారు; కాని దానిని రాజు పేరున గాక "హతసాక్షుల శకము" అని పిలుతురు. హంతకుని పేరు తుడిచి హతుల పేరు పెట్టిరి. ఈ సంగతి చదివిననాడు నేను చాలసేపు పుస్తకము మూసి కూర్చుంటిని.

మన దేశమున పుట్టిన బౌద్ధ జైనములు జననమును గాని, సమాజము ఏర్పడుటను గాని ఎన్నుకొనలేదు. సింహళము మొదలగు దేశములలోని బౌద్ధ శకము బుద్ధుని పరినిర్వాణమునుండి, అనగా క్రీ.పూ. 544నుండి లెక్కింపబడును. ఆ లెక్కననుసరించియే 1956లో మన దేశమున 2500వ బుద్ధజయంతి జరిగినది. అంబేద్కరుగారు నాగపురమున బౌద్ధదీక్ష గైకొన్నదియు ఆ సంవత్సరముననే. పరిశోధకులు పరినిర్వాణమును ఇంకను తరువాతి కాలమునకు, క్రీ.పూ. 400 ప్రాంతమువరకు, దించుచున్నారు. జైనుల వీరనిర్వాణ శకము మహావీరుడు పావాపురిలో నిర్వాణమొందిన క్రీ.పూ. 527నుండి. వారికి దీపావళి ఆ నిర్వాణ దినమే. ఈ రెండు మతములకును సృష్టికర్తయగు దేవుడు ముఖ్యుడు కాడు. పుట్టుక మరల తగులుకొన్న బంధము, విడుదలయే గమ్యము. కనుక వారి గడియారము విడుదలయైన క్షణమున మొదలగుట సహజమే.

యూదులు మరింత వెనుకకు పోయిరి. వారి సంవత్సరము ప్రపంచసృష్టినుండి, వారి గణన ప్రకారము క్రీ.పూ. 3761నుండి మొదలగును. కాని నెలలలో మొదటిది ఈజిప్టు దాస్యమునుండి విడుదలయైన నెల. సంవత్సరము సృష్టికర్తను తలపించును, నెల విమోచకుని తలపించును. మనవలెనే వారును అధికమాసమును పాటింతురు, పందొమ్మిదేండ్లలో ఏడు.

పారసీకుల శకము చెప్పునప్పుడు మనసు బరువెక్కును. వారి ప్రవక్త జరతుష్ట్రుడు ఎంతో ప్రాచీనుడు. కాని వారు లెక్కించునది ఇరానును ఏలిన కడపటి జరతుష్ట్ర మతానుయాయియగు సాసాను రాజు యజ్దెగర్దు పట్టాభిషేకమునుండి, క్రీ.శ. 632నుండి. ప్రతి రాజుతో కొత్త లెక్క మొదలుపెట్టుట వారి ఆచారము. యజ్దెగర్దు 651లో హతుడైన పిదప మరియొక రాజు గద్దెనెక్కలేదు, లెక్క ఆగలేదు. గుజరాతునకు వలసవచ్చినవారి సంతతి, మన సికింద్రాబాదులోని అగ్నిమందిరమున ప్రార్థించువారితో సహా, ఆ రాజు పేరనే నేటికిని ఏండ్లు లెక్కించుచున్నారు.

సిక్కుల నానక్‌షాహీ పంచాంగము 2003లో అమలులోనికి వచ్చినది. దాని ఆరంభము గురునానకు జన్మించిన 1469. ఖాల్సా ఏర్పడిన 1699ని వారు ఎన్నుకొనవచ్చును, ఎన్నుకొనలేదు. పదిమంది గురువులలో వెలిగినది ఒకే జ్యోతి అని వారి విశ్వాసము గనుక, తొలి దీపము వెలిగిన నాటినే పట్టుకొనిరి.

ఇక ఆ బాలుని ప్రశ్న. మరునాడు నేను వానికి సంకల్పమును వివరించితిని. శ్వేతవరాహకల్పము, వైవస్వత మన్వంతరము, కలియుగము అని మన పెద్దలు చెప్పు లెక్కకు స్థాపకుడు లేడు. కలి క్రీ.పూ. 3102లో ప్రవేశించెనందురు. ఆర్యభటుడు తనకు ఇరువది మూడేండ్లు నిండునాటికి కలిలో 3600 ఏండ్లు గడచినవని చెప్పుకొనెను, అది క్రీ.శ. 499. శాలివాహన శకము 78లో మొదలైనది, అది రాజుల లెక్క. వేదము అపౌరుషేయమని నమ్మువారికి ఒక మనుష్యుని పుట్టుకతో కాలము మొదలుకాదు.

"అది అందరిదీ. మీ ఇంట్లో వాళ్ళది?" అనెను. వాడు నా మెడలోని లింగమును చూచి యుండెను. మనలో మతమూలమును పంచాచార్యులవరకు కొనిపోవువారు కలరు, కల్యాణమున పండ్రెండవ శతాబ్దిలో బసవేశ్వరునితో మొదలుపెట్టువారు కలరు. ఆ బసవేశ్వరుని జన్మసంవత్సరమునైనను పండితులు 1105 అనియు, 1131 అనియు, 1134 అనియు వేరువేరుగా చెప్పుచున్నారు. తిథి విషయమున మాత్రము భేదము లేదు. వైశాఖ శుద్ధ తదియ, అక్షయ తృతీయ. ఇవన్నియు వానికి చెప్పితిని. పిదప, మా ఇండ్లలో పసిబిడ్డకు గురువు లింగధారణ చేయును, ఆ దినమునుండియే వానికి లెక్క అని చెప్పితిని.

వాడు కొంచెమాలోచించి, "అయితే సార్, మీది ఏ సంవత్సరం?" అని అడిగెను. మా తల్లి చెప్పిన నెల, తిథి నాకు జ్ఞాపకమున్నవి; సంవత్సరము పేరు ప్రభవాది అరువదిలో వెదుకుటకు వానియెదుటనే పంచాంగము తెరచితిని.