రక్తప్రసరణ – హార్వే నిరూపణ

క్రీ.శ. 2వ శతాబ్దికి చెందిన గ్రీకు వైద్యుడు గాలెన్, ఆహారం నుండి కాలేయంలో రక్తం నిరంతరం పుడుతుందని, అవయవాలు దానిని వినియోగించుకోగా హరించిపోతుందని బోధించాడు. సుమారు 1,400 సంవత్సరాలు ఐరోపా వైద్యులకు ఆ మాటే ప్రమాణం.

ఇంగ్లండు వైద్యుడు విలియం హార్వే ఆ మాటను గణితంతో పరీక్షించాడు. గుండె ఒక్కొక్క స్పందనలో వెలికి నెట్టే రక్తాన్ని అంచనా వేసి, స్పందనల సంఖ్యతో హెచ్చవేశాడు. నేటి కొలతల ప్రకారం విశ్రాంతిగా ఉన్నప్పుడు స్పందనకు సుమారు 70 మిల్లీలీటర్లు, నిమిషానికి సుమారు 70 స్పందనలు. అనగా నిమిషానికి దాదాపు 5 లీటర్లు, గంటకు 300 లీటర్లు! దేహంలోని రక్తమంతా కలిపినా సుమారు 5 లీటర్లే. గంటకు 300 లీటర్ల రక్తాన్ని పుట్టించే ఆహారాన్ని ఎవరు భుజింపగలరు? కావున ఉన్న రక్తమే ధమనుల ద్వారా వెడలి, సిరల ద్వారా గుండెకు మరలివస్తున్నదని 1628లో ప్రకటించాడు.

ధమనులను సిరలతో కలిపే మార్గం మాత్రం ఆయన కంటబడలేదు. అది ఉండితీరాలని ఊహించి, 1657లో కన్నుమూశాడు. 1661లో ఇటలీ శాస్త్రజ్ఞుడు మాల్పీజీ కప్ప ఊపిరితిత్తులలో ఆ కేశనాళికలను సూక్ష్మదర్శినితో చూశాడు.

పొగను చూచి నిప్పును నిశ్చయించడాన్ని మన తార్కికులు అనుమాన ప్రమాణమన్నారు. హార్వే అనుమానంతో నిశ్చయించినది మాల్పీజీకి ప్రత్యక్షమైంది.